గోడల లెక్క సరే, తలుపు సంగతేమిటి?

ప్రశ్న: మాస్టారూ, మాది గాజువాక ఆటోనగర్‌లో రొయ్యల కోల్డ్ స్టోరేజీ. మైనస్ 20 డిగ్రీల గదులు రెండున్నాయి. ఒక్కొక్కటి 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు. గోడలకీ కప్పుకీ 150 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (వేడిని ఆపే నురుగు పలక). గదికొక తలుపు, 2 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. చల్లబరిచేది ఆర్-404ఏ గ్యాసు, వేడిని బయటికి వదిలే కండెన్సర్ గాలితో చల్లబడే రకం. గదిని చల్లబరిచే కాయిల్ ఫ్యాన్లు రెండు గదులవీ కలిపి 8 కిలోవాట్లు, 24 గంటలూ తిరుగుతాయి. కాయిల్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్లు గదికి 12 కిలోవాట్లు, రోజుకి నాలుగుసార్లు, అరగంట చొప్పున. జూలైలో 31,000 యూనిట్లు కాలాయి. ఒక కన్సల్టెంటు వచ్చి, లోపలివైపు ఇంకో 50 మిల్లీమీటర్ల ప్యానెల్ వేయిస్తే కరెంటు 30 శాతం తగ్గుతుందన్నారు. నేను ఎం.టెక్‌లో ఎనర్జీప్లస్ (భవనాల కరెంటు వాడకాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్) నేర్చుకున్నాను కదా అని మా స్టోరేజీకి మోడల్ కట్టాను. నెలకి 16,000 యూనిట్లే వచ్చాయి. నాన్నగారు నవ్వి, "ఆ సగం బిల్లే తీసుకుంటారేమో ఈపీడీసీఎల్ వాళ్లని అడిగి రా" అన్నారు. తప్పెక్కడ జరిగింది? ప్యానెల్ వేయించాలా, వద్దా? మళ్లీ హుద్‌హుద్ లాంటి తుఫానొస్తే సరుకు ఎన్ని గంటలు ఆగుతుందో ఈ మోడల్ చెప్పగలదా? ఇది నాన్నగారి ప్రశ్న. నా ఇన్‌పుట్లన్నీ జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు:

అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ప్యానెల్ వేయించకండి. ఎందుకు వద్దంటున్నానో కింద లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. మీ మోడల్ గురించి నాన్నగారు నవ్వారంటే నవ్వనివ్వండి. బిల్లులో సగం చెప్పిన మోడల్ కూడా పనికొస్తుంది. మిగతా సగం ఎక్కడికి పోయిందో వెతికితేనే స్టోరేజీ గుట్టు బయటపడుతుంది.

మీ ఇన్‌పుట్లు చూశాను. గోడలు, కప్పు, నేల చాలా శ్రద్ధగా పెట్టారు. ప్యానెల్‌కి యూ-విలువ (ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరులోంచి దాటే వేడి, వాట్లలో) 0.16 అని రాశారు, బాగుంది. ఆ తర్వాత గదిని మామూలు జోన్‌గా తీసుకుని, థర్మోస్టాట్ మైనస్ 20కి పెట్టి, వచ్చిన లోడుని సీఓపీ (ఒక యూనిట్ కరెంటుకి యంత్రం ఎన్ని యూనిట్ల వేడిని లాగుతుందో చెప్పే అంకె) 2.5తో భాగించారు. బయటిగాలి చొరబాటుకి గంటకి గది గాలిలో పదో వంతు అని ఒకే అంకె వేశారు. డీఫ్రాస్ట్ లేదు, సరుకు మోసుకొచ్చే వేడి లేదు. అంటే ఒక ఆఫీసు గదికి కట్టినట్టు కట్టి, థర్మోస్టాట్ మాత్రం మైనస్‌లోకి తిప్పారు. కాలేజీలో భవనాల మీదే నేర్పుతారు కాబట్టి ఇలా అవడం మామూలే. ఆఫీసులో వేడి గోడలోంచి, అద్దాల్లోంచి వస్తుంది. కోల్డ్ రూములో వేడి తలుపులోంచి వస్తుంది, మనం లోపల పెట్టిన ఫ్యాన్లలోంచి వస్తుంది, మంచు కరిగించడానికి మనమే వెలిగించే హీటర్లలోంచి వస్తుంది.

ముందు సీఓపీ. 2.5 అనే అంకె బ్రోచర్‌లోంచి తీశారు కదూ? బ్రోచర్ అంకె ఏ కాయిల్ ఉష్ణోగ్రత దగ్గర, ఏ కండెన్సింగ్ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చారో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ గది మైనస్ 20లో ఉండాలంటే కాయిల్‌లో గ్యాసు మైనస్ 28 దగ్గర మరగాలి. పైన షెడ్డు పక్కన ఎండలో నిలబడ్డ కండెన్సర్‌లో అది 45 నుంచి 48 దగ్గర ద్రవమవుతుంది. ఆ 76 డిగ్రీల ఎత్తుకి వేడిని మోసే యంత్రం, ఎంత మంచిదైనా, ఒక యూనిట్ కరెంటుకి ఒకటిన్నర యూనిట్ల వేడిని బయటపడేస్తే గొప్పే. 1.5 అనుకుందాం, అదీ కాస్త ఉదారంగానే. ఫ్యాన్లూ లైట్లూ నేరుగా తాగే కరెంటుని అలాగే ఉంచినా, ఈ ఒక్క దిద్దుబాటుతో మీ 16,000 కాస్తా 22,500 అవుతుంది. ఎనర్జీప్లస్‌లో దీనికి కంప్రెసర్ ర్యాక్ అనే వస్తువుంది. బయటి ఉష్ణోగ్రతని బట్టి సీఓపీ ఎలా మారుతుందో దానికొక వక్రరేఖ ఇవ్వొచ్చు. ఇంకా లోతుకి వెళ్లాలంటే కంప్రెసర్ తయారీదారు ఇచ్చే పట్టికలతో రిఫ్రిజిరేషన్ సిస్టమ్ కట్టొచ్చు. మీకు మొదటిది చాలు.

కండెన్సర్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కండెన్సింగ్ ఒక డిగ్రీ పెరిగితే కంప్రెసర్ కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. వన్ టౌన్‌లో డాబా మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ రంగుకి తిరుగుతుందో ఆ పక్క వాళ్లనడిగితే చెబుతారు. మన పోర్టు ధూళి, సముద్రపు ఉప్పుగాలి కలిసి కండెన్సర్ అల్యూమినియం రెక్కల్ని అలాగే పట్టేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో కండెన్సర్ ఎప్పుడూ షోరూములోంచి ఇప్పుడే వచ్చినట్టుంటుంది. అందుకని డిశ్చార్జి గేజి (కంప్రెసర్‌లోంచి బయటికొచ్చే గ్యాసు పీడనం చూపేది) చూసి, ఆ పీడనం దగ్గర గ్యాసు ద్రవమయ్యే సంతృప్త ఉష్ణోగ్రత ఎంతో పట్టికలో చూసుకోండి. ఆ సమయంలో బయటి గాలి ఎంతుందో కూడా రాసుకోండి. మధ్యలో తేడా 15 డిగ్రీలు దాటుతుంటే మోడల్ సంగతి తర్వాత, ముందు మంచినీళ్ల పైపు పట్టుకుని కండెన్సర్ కడిగించండి. బోరు ఉప్పునీళ్లతో మాత్రం వద్దు.

ఇక తలుపు. ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఊరు విశాఖపట్నం.

మనవాళ్లు అంటుంటారు, "మనకేం, బెజవాడ ఎండలా, రెంటచింతల ఎండలా?" అని. మనిషికి ఆ మాట నిజం. కోల్డ్ రూముకి కాదు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. ఆ గాలి కిలోకి దాదాపు 74 కిలోజౌళ్ల వేడి మోస్తుంది. మన దగ్గర జూలైలో 33 డిగ్రీలు, తేమ 75 శాతం. ఈ గాలి కిలోకి 95 కిలోజౌళ్లు. పదకొండు డిగ్రీలు చల్లగా ఉన్న మన గాలే కోల్డ్ రూముకి ఎక్కువ బరువు. కారణం తేమ. కిలో గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అది మైనస్ 20 గదిలో అడుగుపెట్టగానే ఉన్న ఆవిరంతా మంచై కాయిల్‌కి పట్టుకుంటుంది. ఆవిరి నీరవడానికి వదిలే వేడి, నీరు గడ్డకట్టడానికి వదిలే వేడి, రెండూ మీ కంప్రెసరే మోయాలి. మీరు వాడిన వాతావరణ ఫైలు విశాఖపట్నానిదే, మంచిది. కానీ దాంట్లోని తేమ మీ లెక్కలో గది వరకూ రానే లేదు, ఎందుకంటే మీ తలుపు ఎప్పుడూ మూసే ఉంది.

తెరిచిన తలుపులోంచి ఎంత వేడి వస్తుందో లెక్కగట్టడానికి 1975 నుంచి గాస్నీ, ఒలామాల సూత్రం వాడుకలో ఉంది. అమెరికాలోని శీతలీకరణ ఇంజినీర్ల సంఘం ఆష్రే వాళ్ల హ్యాండ్‌బుక్‌లోనూ అదే ఉంటుంది. లోపలి చల్లగాలి బరువు, బయటి వెచ్చగాలి తేలిక. అందుకని తలుపు కింది సగంలోంచి చల్లగాలి నీళ్లలా కారిపోతుంది, పై సగంలోంచి వెచ్చగాలి లోపలికి పాకుతుంది. తలుపు తీయగానే పాదాలకి తగిలే పొగమంచు ఇదే. మీ కొలతలు, జూలై గాలి వేసి చూశాను. తలుపు బార్లా తీసి ఉన్నంతసేపూ దాదాపు 350 కిలోవాట్ల వేడి. మనుషులూ ట్రాలీలూ అడ్డుపడతారు, గాలి పూర్తి వేగం అందుకోదు, కాబట్టి 280 అనుకుందాం. ఏసీలకి చెప్పే టన్నుల్లో చెప్పాలంటే 80 టన్నుల రిఫ్రిజిరేషన్.

దీన్ని గోడల పక్కన పెట్టి చూడండి. ఒక గది గోడలూ కప్పూ కలిపి 624 చదరపు మీటర్లు. 0.16 యూ-విలువ, 50 డిగ్రీల తేడా. 5 కిలోవాట్లు, అంటే రోజంతా కలిపి 120 యూనిట్ల వేడి. తలుపు 26 నిమిషాలు తెరిచి ఉంటే అంతే వేడి లోపలికొచ్చేస్తుంది. రోజు మొత్తం మీద 26 నిమిషాలు! ఒక కంటైనర్ లోడింగ్‌కే అంతకన్నా ఎక్కువ పడుతుంది. గోడలకి మీరు యూ-విలువ రెండో దశాంశం దాకా చూసుకున్నారు. తలుపుకి మాత్రం ఒక్క అంకె వేసి దాటేశారు. చిల్లు కుండకి బయట రంగులేసినట్టయింది.

"స్ట్రిప్ కర్టెన్ ఉంది కదా మాస్టారూ" అంటారేమో. ఉంది. ఎనర్జీప్లస్‌లో కూడా తలుపు రక్షణ అనే చోట స్ట్రిప్ కర్టెన్ అని ఎంచుకోవచ్చు. కానీ ప్రోగ్రామ్ ఉద్దేశంలో ఆ కర్టెన్ ఒక్క పట్టీ కూడా ఊడకుండా నిటారుగా వేలాడుతూ ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర పనిచేసిన రోజుల్లో నేను చూసిన కర్టెన్లలో సగం, పట్టీలన్నీ జడలా అల్లి పైకి తాడుతో కట్టేసి ఉండేవి. కళాసీలని తప్పు పట్టడానికి లేదు. చలికి రేకులా బిగుసుకుపోయిన పట్టీ, చేతుల్లో బరువుతో వచ్చేవాడి మొహం మీద కొడితే తెలుస్తుంది. అందుకని మీ గుమ్మం దగ్గర ఏముందో అదే మోడల్‌లో పెట్టండి. కొన్నప్పటి బిల్లులో ఉన్నది కాదు.

మరి మీ తలుపు రోజుకి ఎంతసేపు తెరిచి ఉంటోంది? మీ ఉత్తరంలో లేదు. నేను గదికి 45 నిమిషాలు అనుకుని లెక్కేశాను. ఇది ఊహే. సరిచూసుకోడానికి తలుపుకి అయస్కాంతపు స్విచ్, చిన్న లాగర్ (రీడింగులు దానంతటదే రాసుకునే పరికరం) తగిలించొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు. కానీ అంతకంటే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను.

డీఫ్రాస్ట్ అయ్యాక కాయిల్ కింద ట్రేలోంచి నీళ్లు డ్రెయిన్ పైపులో బయటికి వస్తాయి. ఆ పైపు చివర ఒక డ్రమ్ము పెట్టండి. 24 గంటల్లో ఎన్ని లీటర్లు పడ్డాయో కొలవండి. వారం రోజులు, రెండు గదులకీ విడివిడిగా. ఆ నీళ్లలో చాలావరకు మీ తలుపులోంచి ఆవిరిగా వచ్చినవే. కార్టన్లలో ప్యాకయిన సరుకు వదిలే తేమ చాలా తక్కువ. ఈ కాలపు గాలికి లెక్కేస్తే, డ్రమ్ములో పడ్డ ప్రతి లీటరుతో పాటు 1.3 యూనిట్ల వేడి తలుపులోంచి లోపలికొచ్చినట్టు. మీ కంప్రెసర్‌కి అది దాదాపు 0.9 యూనిట్ల కరెంటు. జనవరిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి లీటరుకి 1.7 యూనిట్ల వేడి వేసుకోవాలి. నేననుకున్న 45 నిమిషాలు నిజమైతే గదికి రోజుకి 150 లీటర్ల చుట్టూ రావాలి. 70 లీటర్లే వస్తే నా ఊహ రెట్టింపు ఎక్కువన్నమాట, మోడల్‌లో తలుపు సమయం సగానికి తగ్గించండి. కొంత మంచు నేల మీద, కప్పు మీద, కార్టన్ల మీద కూడా పడుతుంది, అది డ్రమ్ములోకి రాదు. అందుకని డ్రమ్ము చెప్పిన దాన్ని కనీస లెక్క అనుకోండి. నేను ఏ స్టోరేజీకి వెళ్లినా లాప్‌టాప్ తెరవక ముందు అడిగేది ఈ డ్రమ్ము సంగతే. ఒకసారి ఒక యజమాని నన్ను కుళాయిలు బాగుచేసేవాణ్ణనుకుని వెనక గేటు చూపించాడు కూడా.

ఇదే డ్రమ్ము డీఫ్రాస్ట్ గుట్టు కూడా విప్పుతుంది. 150 లీటర్ల మంచు కరగడానికి కావలసిన వేడి 14 యూనిట్లు. మీ హీటర్లు గదికి రోజుకి 24 యూనిట్లు తాగుతున్నాయి. కొంత కాయిల్ లోహం వేడెక్కడానికి పోతుంది, అది తప్పదు. మిగతాది తిరిగి గదిలోకే పోతుంది. ఆ వేడిని బయటికి లాగడానికి కంప్రెసర్ మళ్లీ కరెంటు తాగుతుంది. డ్రమ్ములో 60 లీటర్లే పడితే, 6 యూనిట్ల పనికి మీరు 24 ఖర్చు పెడుతున్నారన్నమాట. అప్పుడు నాలుగుసార్లని మూడుకి, జనవరిలో రెండుకి తగ్గించొచ్చు. లేదా కాయిల్ ఉష్ణోగ్రత ఒక స్థాయికి చేరగానే హీటర్ ఆగిపోయేలా టెర్మినేషన్ థర్మోస్టాట్ పెట్టించొచ్చు. చాలాచోట్ల అది ఉంటుంది గానీ పనిచేయదు, లేదా ఎవరో వైరు పీకేసి ఉంటారు. మీ ఆపరేటర్‌ని మందలింపుగా కాకుండా మామూలుగా అడిగి చూడండి.

ఇప్పుడు ఫ్యాన్లు. మీ ఉత్తరం చదివినప్పుడు నా కన్ను మొదట పడింది ఈ 8 కిలోవాట్ల మీదే. ఫ్యాను తిరగడానికి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటంతా చివరికి గదిలోనే వేడవుతుంది. దాన్ని బయటపడేయడానికి కంప్రెసర్ మళ్లీ కరెంటు తీసుకుంటుంది. అసలూ వడ్డీ రెండూ మీరే కడుతున్నారు. 8 కిలోవాట్లు నెలకి 5,760 యూనిట్లు. దాని వేడిని మోయడానికి ఇంకో 3,840. మొత్తం 9,600. మీ బిల్లులో ఇంచుమించు మూడో వంతు.

ఇవన్నీ ఒకచోట చేర్చి, మీ జూలై బిల్లుని నేను ఇలా పంచాను. గోడలూ కప్పూ 4,800. నేల 2,100. కాయిల్ ఫ్యాన్లు 9,600. లైట్లు, రెండు గదులవీ కలిపి ఒక కిలోవాటు ఎప్పుడూ వెలుగుతున్నాయనుకుంటే, 1,200. తలుపులు 8,400. డీఫ్రాస్ట్ 2,200. సరుకు 840. మిగిలిన 1,800 పైచిలుకు ఆఫీసు, నేల కింద హీటరు, వే బ్రిడ్జి, ఇంకా మన కంటికి కనపడనివి. బిల్లులో యూనిట్ కేవీఏహెచ్ అని ఉందా, కేడబ్ల్యూహెచ్ అని ఉందా చూడండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చేది రెండోది. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) తక్కువుంటే ఆ తేడా కూడా ఈ మిగులులోనే కూర్చుంటుంది.

సరుకు లెక్క ఎలా వచ్చిందంటే, రోజుకి 10 టన్నుల వనామీ రొయ్య మైనస్ 12 దగ్గర వస్తోందనుకున్నాను. భీమవరం వైపు నుంచి వచ్చే లారీలో మైనస్ 18 అని రాసుంటుంది. దింపేటప్పుడు కార్టన్ మధ్యలో థర్మామీటర్ గుచ్చితే గానీ అసలు సంగతి తెలియదు. ఎనిమిది డిగ్రీలు దింపడం పెద్ద భారమేం కాదు, మీ బిల్లులో మూడు శాతం లోపే. కానీ ఎవరైనా పచ్చి సరుకు తెచ్చి "ఒక రాత్రి మీ గదిలో పెట్టండి, గడ్డకట్టేస్తుంది" అంటే మాత్రం ఒప్పుకోకండి. 5 డిగ్రీల రొయ్యని మైనస్ 20కి తేవాలంటే కిలోకి 300 కిలోజౌళ్లకి పైనే లాగాలి. నీరు మంచవడానికే అందులో ఎక్కువ భాగం. 10 టన్నులకి 850 యూనిట్ల వేడి. ఆ పని బ్లాస్ట్ ఫ్రీజరుది, ప్లేట్ ఫ్రీజరుది. నిల్వ గది కాయిల్‌కి అంత శక్తి ఉండదు. రొయ్య పాడవుతుంది, పక్కనున్న సరుకు కూడా వెచ్చబడుతుంది.

ఇప్పుడు కన్సల్టెంటు గారి 30 శాతం దగ్గరికి వద్దాం. 31,000లో 30 శాతం అంటే 9,300 యూనిట్లు. గోడలూ కప్పూ కలిసి తింటున్నదే 4,800. ప్యానెల్ కిలోమీటరు మందం వేసినా 4,800కి మించి ఆదా ఉండదు. 150ని 200 చేస్తే అందులో పావు వంతు తగ్గుతుంది, 1,200. బిల్లులో నాలుగు శాతం కూడా కాదు. దానికోసం గదులు ఖాళీ చేయాలి, వేడెక్కించాలి, మళ్లీ చల్లార్చాలి. పైగా లోపల రెండు శాతం చోటు శాశ్వతంగా పోతుంది. కొండని తవ్వి ఎలకని పట్టడమే. ఆయన అబద్ధం చెప్పారని నేననను. ప్యానెల్ పాడైపోయిన స్టోరేజీల్లో ఈ పనికి మంచి ఫలితం వచ్చి ఉండొచ్చు. మీదీ అలాంటిదేనా అన్నది ముందు చూడాలి. మన ఊళ్లో ఏడాది పొడుగునా ఆవిరి బయటినుంచి లోపలికే తోసుకొస్తుంది. ప్యానెల్ కీళ్ల దగ్గర సీలింగ్ పగిలితే ఆ ఆవిరి లోపల నురుగులో మంచవుతుంది. మంచు వేడిని పఫ్ కంటే సుమారు వంద రెట్లు సులువుగా దాటనిస్తుంది. ఉదయం పూట గోడల బయటివైపు చుట్టూ తిరిగి చెయ్యి పెట్టి చూడండి. ఎక్కడైనా చెమట పట్టినా, చెయ్యికి చల్లగా తగిలినా సుద్దతో గుర్తు పెట్టండి. థర్మల్ కెమెరా ఒక రోజుకి అద్దెకి దొరికితే ఇంకా మేలు. ఆ గుర్తులున్న చోట మాత్రం కీళ్లు విప్పి బాగుచేయించండి. మొత్తం గోడ జోలికి పోవద్దు.

మీరు డబ్బు పెట్టదలుచుకుంటే నా వరస ఇది. మొదట ఫ్యాన్లకి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం). ఫ్యాను వేగం సగం చేస్తే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. తలుపు కదలని రాత్రి 12 గంటలు సగం వేగంతో నడిపితే నెలకి 4,200 యూనిట్ల దాకా మిగులుతాయి. గది మూలల్లో, పై అరల్లో సరుకు ఉష్ణోగ్రత పెరగకుండా నాలుగైదు చోట్ల లాగర్లు పెట్టి చూసుకున్నాకే రోజువారీ అలవాటు చేయండి. రెండోది తలుపు ముందు చిన్న యాంటీరూమ్. అక్కడ 10 డిగ్రీలు ఉంచగలిగితే, ఫ్రోజెన్ గది తలుపులోంచి వచ్చే వేడి మూడో వంతుకి తగ్గుతుంది. యాంటీరూమ్‌ని చల్లబరచడానికీ కరెంటు కావాలి, నిజమే. కానీ 10 డిగ్రీల దగ్గర కంప్రెసర్‌కి అదే వేడి మోయడం రెట్టింపు సులువు. పైగా తేమ అక్కడే నీళ్లుగా కారిపోతుంది, కాయిల్ మీద మంచుగా కట్టదు. చోటు లేకపోతే, కనీసం కర్టెన్ పట్టీలు మార్పించి, కళాసీలకి మొహానికి తగలని మెత్తటి పోలార్ రకం పట్టీలు తెప్పించండి. వాళ్లు తాడు కట్టరు.

ఈ మార్పుల్ని మోడల్‌లో ఎలా చూడాలన్నది మీకు తెలియాలి. ఎనర్జీప్లస్‌లో వాక్-ఇన్ అనే వస్తువుంది. తలుపు కొలత, తెరిచే షెడ్యూలు, కర్టెన్ రకం, డీఫ్రాస్ట్ రకం, సరుకు వేడి, నేల, హీటరు, అన్నీ అందులోనే పెట్టొచ్చు. మీ బిల్లుని సరిపోల్చడానికి అది చక్కగా సరిపోతుంది. దానికి రెండు లోటులున్నాయి. గది ఉష్ణోగ్రత ఎప్పుడూ ఒకేలా ఉందనుకుంటుంది. డీఫ్రాస్ట్ వేళ తప్ప ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుందనుకుంటుంది. కాబట్టి వీఎఫ్‌డీ ఆదా దాంట్లో కనిపించదు, తుఫాను సంగతీ తెలియదు. వాటికోసం గదిని జోన్‌గానే ఉంచి, ఎయిర్ చిల్లర్ అనే వస్తువు తగిలించండి. దాని ఫ్యానుకి వేగం మారే రకం ఎంచుకోవచ్చు. మీ పాత ఫైలు పూర్తిగా వృథా కాదు, జోన్ ఇప్పటికే కట్టి ఉంది కదా. చుట్టూ ఉన్న షెడ్డుని మాత్రం వేరే జోన్‌గా కట్టండి. ఎండకి కాలే రేకుల కింద గాలి, బయటి గాలి ఒకటి కావు. మీ కోల్డ్ రూము కప్పుకి తగిలేది ఆ రేకుల కింది గాలే.

బిల్లుతో ఎంత దగ్గరగా రావాలి అంటే, ఆష్రే గైడ్‌లైన్ 14 ప్రకారం నెలవారీ లెక్కల్లో మొత్తం తేడా 5 శాతం లోపు, నెలనెలా ఊగిసలాట 15 శాతం లోపు ఉంటే మోడల్ సరిపడినట్టే. పన్నెండు నెలల బిల్లులూ పెట్టుకోండి, ఒక్క జూలైతో తృప్తి పడొద్దు. వాతావరణ ఫైలులో ఉన్నది సగటు ఏడాది, మీ బిల్లు ఈ ఏటిది. అందుకని కాస్త తేడా ఉండనే ఉంటుంది. ఒక్క హెచ్చరిక. అంకె కలవడం లేదని తలుపు సమయాన్నో సీఓపీనో మీకు తోచినట్టు తిప్పి 31,000 రప్పించకండి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సరిపోవచ్చు. అప్పుడు ప్యానెల్‌కి ఒక ఫలితం, ఫ్యాన్‌కి ఒక ఫలితం, రెండూ తప్పుగా వస్తాయి. తలుపు సమయం డ్రమ్ము చెప్పాలి, సీఓపీ గేజీలూ మీటరూ చెప్పాలి. కంప్రెసర్ లైనుకొకటి, ఫ్యాన్లూ హీటర్ల లైనుకొకటి వేరే ఎనర్జీ మీటర్లు పెట్టించండి. నేను పైన పంచిన పంపకంలో సగం అప్పుడే తేలిపోతుంది.

ఇక నాన్నగారి ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. కాబట్టి ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. రెండు గదుల్లో కలిపి 400 టన్నుల సరుకు ఉందనుకుందాం. గడ్డకట్టిన రొయ్య కిలోకి ఒక డిగ్రీ పెరగడానికి 1.9 కిలోజౌళ్లు కావాలి. మొత్తానికి డిగ్రీకి 211 యూనిట్లు. తలుపులు మూసేసి, ఫ్యాన్లు ఆగిపోతే, లోపలికొచ్చేది గోడలూ కప్పూ నేలా తెచ్చే 14.4 కిలోవాట్లే. అంటే సగటున ఒక డిగ్రీ పెరగడానికి 14 గంటలకి పైనే. మైనస్ 20 నుంచి మైనస్ 18కి రావడానికి ఒక రోజు పైచిలుకు.

ఈ సగటుని మాత్రం పూర్తిగా నమ్మకండి. గోడ పక్కన, కప్పు కింద ఉన్న కార్టన్లు ముందు వెచ్చబడతాయి, మధ్యలో ఉన్నవి చివరికి. ఎగుమతి సరుకు పరీక్షకి వచ్చేవాళ్లు మధ్య కార్టనే తీస్తారన్న హామీ లేదు. నేనైతే ఆ సమయంలో సగమే లెక్కలోకి తీసుకుంటాను. ఎయిర్ చిల్లర్ మోడల్‌లో సరుకుని అంతర్గత ద్రవ్యరాశిగా (గదిలో వేడిని పట్టి ఉంచే బరువుగా) పెట్టి, అక్టోబరు రెండో వారంలో మూడు రోజులు కరెంటు షెడ్యూలు సున్నా చేసి నడపండి. అప్పుడు 400 టన్నులకి ఒక గీత, 100 టన్నులకి ఇంకో గీత వస్తాయి. ఖాళీగా ఉన్న గది ఎంత త్వరగా వెచ్చబడుతుందో చూస్తే, తుఫాను హెచ్చరిక రాగానే రెండు గదుల్లోని సరుకుని ఒకే గదిలోకి మార్చడం మంచిదా కాదా అన్నది నాన్నగారే తేల్చుకుంటారు. హెచ్చరిక వచ్చిన రోజే ఆ గదిని మైనస్ 24 దాకా దింపి ఉంచడం కూడా అందులోనే చూడొచ్చు.

జనరేటర్ కొనే ఉద్దేశముంటే మొత్తం లోడుకి కొనక్కర్లేదు. కంప్రెసర్లలో ఒకటి, ఫ్యాన్లు సగం వేగంతో, డీఫ్రాస్ట్ ఆపేసి, రోజుకి ఎనిమిది పది గంటలు నడిస్తే చాలునేమో మోడల్‌లో వేసి చూడండి. కరెంటు తిరిగొచ్చాక మాత్రం రెండు గదుల కంప్రెసర్లూ ఒకేసారి స్టార్ట్ చేయించకండి. ఆ నెల మ్యాక్సిమం డిమాండు (ఒకేసారి లాగిన అత్యధిక లోడు) అరగంటలో ఎగిరి కూర్చుంటుంది, అది బిల్లులో వేరే వరసలో వస్తుంది.

డ్రమ్ము లెక్క ఒక వారానిది, బిల్లులు పన్నెండూ, డిశ్చార్జి గేజి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రీడింగులు మూడు రోజులవి పంపండి. ఈసారి మీ ఫైలు కూడా జత చేయండి, షెడ్డు రేకులకి ఏం రంగు పెట్టారో చూస్తాను.